పాషా గారి పిల్ల

మండపేట,
10 ఫిబ్రవరి 2025

రుక్కూ,

ఉత్తరం చూడగానే "దీనికి ఫోను లేదా, మాయరోగం" అని తిట్టుకుని ఉంటావు. ఫోనుంది. కానీ పోస్టాఫీసులో ఉద్యోగం చేసే నేనే ఉత్తరం రాయకపోతే ఇంకెవరు రాస్తారే? పైగా ఫోన్లో అయితే నువ్వు మాట్లాడతావు, నేను ఊ కొడతాను. పటాన్‌చెరులో పక్కపక్క వాటాల్లో పెరిగినన్నాళ్ళూ జరిగిందదేగా. ఈసారి చెప్పాల్సింది నాకుంది. నోరు మూసుకుని చదువు.

పోయిన నెల అమ్మ సంవత్సరీకం పెట్టాం. కొడుకులు లేరు కనక మా ఆయన పవన్ కూర్చున్నారు. పురోహితుడు మూడు తరాల ఆడవాళ్ళ పేర్లు అడిగారు. హైమావతి అని అమ్మ పేరు చెప్పాను. నాన్నమ్మ పేరు చెప్పాను. ఆ పైన ముత్తవ్వ పేరు నాకు తెలీదు. ఆయన "ఫరవాలేదమ్మా" అని దేవుడి పేరేదో చేర్చి కానిచ్చేశారు గానీ నాకు ఆ పూట ముద్ద దిగలేదు. మా శ్రావ్యకి ఈ గతి పట్టకూడదు, ఇంటి వంశవృక్షం రాసి తీరాలని అప్పుడే అనుకున్నాను.

మొదట అమ్మ పుట్టినూరు ఏడిద వెళ్ళాను. మా వైపు పురుళ్ళన్నీ పుట్టింట్లోనే కదా, అమ్మ పుట్టుకా నా పుట్టుకా ఒకేచోట దొరుకుతాయని నా ఆశ. పంచాయతీ కార్యదర్శి మంచివాడు. పాత జనన మరణాల రిజిస్టర్లు బల్లమీద పెట్టి, ఫ్యాను వేసి వెళ్ళాడు. "తండ్రి కామేశ్వరరావు, తల్లి హైమావతి" అని కనబడగానే గంతేసినంత పని చేశాను. తీరా చూస్తే అది 1979. ఆడపిల్ల. అదే నెలలో మరణాల్లోనూ ఉంది. మళ్ళీ 1981లో మగపిల్లాడు. వాడూ అంతే.

నాకొక అక్కా, అన్నా ఉన్నారని నలభై ఏళ్ళు వచ్చాక తెలిసింది రుక్కూ. అమ్మ ఒక్కనాడూ చెప్పలేదు. నాన్నా చెప్పలేదు. ఇద్దరూ వెళ్ళిపోయారు, ఇప్పుడు ఎవరిని అడగను? పేర్లు కూడా పెట్టలేదు వాళ్ళకి. ఆ బల్లమీదే తల పెట్టుకుని ఏడ్చాను.

నేను మాత్రం అక్కడ లేను. ముందూ వెనకా అంతా వెతికాను. అయితే పటాన్‌చెరులోనే పుట్టి ఉండాలి. పదో తరగతి సర్టిఫికెట్టుతో అన్ని పనులూ జరిగిపోయాయి కాబట్టి ఇన్నాళ్ళూ పుట్టిన కాగితంతో అవసరం పడలేదు. నువ్వొకసారి వెళ్ళి అక్కడి పాత పంచాయతీ రికార్డుల్లో చూడవే. 1984 అక్టోబరు, దసరా రోజులు. నాన్న అప్పటికే ప్లాంటులో ఫిట్టరు.

మీ అమ్మకి, నా ఖాలాకి, నమస్కారాలు చెప్పు. నీ కుట్టుమిషను అలా మోగుతూనే ఉండాలని కోరుకుంటూ,

నీ హరి


పోతిరెడ్డిపల్లి, సంగారెడ్డి,
3 మార్చి 2025

ఓ పోస్టుమాస్టరమ్మా,

నోరు మూసుకొని చదువు అంటవా? చదివిన. మూసుకున్న నోరు తెరిచి ఏడ్చిన గూడ. హైమ ఆంటీ కడుపుల గంత దుఃఖం పెట్టుకొని మనకు మురుకులు వండి పెట్టిందా? మనం రెండిండ్ల మధ్య గోడెక్కి దుంకుతుంటే "కాళ్ళు విరుగుతాయే" అని ఊకె ఒర్రేది గదా. ఇప్పుడర్థమైంది ఎందుకో.

ఇగ నా సంగతి. రంజాన్ షురూ అయింది. ఈద్‌కు కొత్త బట్టలు కావాలని మా గల్లీ ఆడోళ్ళంతా నా దుకాణం మీద పడ్డరు. ఇంకోదిక్కు పెండ్లిండ్ల జాకెట్లు. మా ఆయన తన్వీర్ పొద్దుగాల మూడు గంటలకు సహరీ తిని కాజీపల్లి కంపెనీ బస్సు తీస్కపోతడు. మా అరీబా కందిల పెద్ద కాలేజీ గేటు ముంగటికెల్లి పోయినప్పుడల్ల "అమ్మీ, నేను గిండ్లనే చదువుత" అంటది. ముందుగాల లెక్కల పాస్ కమ్మన్న. మా అమ్మీ ఇంట్ల లేదు, రంజాన్ నెలంత జహీరాబాద్‌ల కాషిఫ్ అన్న దగ్గర ఉంటనని పోయింది. ఇల్లు బోసిపోయింది గని, పొద్దున లేస్తే తిట్టేటోళ్ళు లేక జెర ఆరాంగ గూడ ఉన్నది.

మొన్న పటాన్‌చెరు పోయిన. మన ఇండ్లు ఉన్నకాడ ఇప్పుడు మూడంతస్తుల బిల్డింగు లేసింది, కింద టైర్ల షాపు. పాత పంచాయతీ రిజిస్టర్లు బట్టల మూటలు గట్టి పెట్టిండ్రు. ఆఫీసుల మహేంద్ర అని ఒక పిల్లగాడు, కొత్తగ నౌకరి వచ్చిందట. "మేడం, ఎవరి కోసం?" అన్నడు. మా దోస్తు కోసమన్న. "దోస్తు కోసం ఇంత దూరం వచ్చిండ్రా" అని ఆయనే మూట విప్పిండు. కామేశ్వరరావు పేరు మీద ఎనభై మూడు, ఎనభై నాలుగు, ఎనభై అయిదు, మూడేండ్లు చూసినం. ఇద్దరు కామేశ్వరరావులు దొరికిండ్రు, ఇద్దరికీ కొడుకులే. నువ్వు లేవు.

ఏం పరేషాన్ గాకు. ఇంటి దగ్గర పుట్టిన పిల్లలను చానామంది రాయించకపోతుండె. ఆఫీసు బంద్ చేసే టైమైందని వచ్చేసిన. మళ్ళొకసారి పోయి తీరుబడిగ చూస్త. నా పుట్టుక గూడ చూసుకుంట, మా అబ్బ నన్ను రాయించిండో లేదో!

నీ రుఖయ్యా


మండపేట,
18 మార్చి 2025

రుక్కూ,

పరేషాన్ కావద్దంటే కాకుండా ఉంటానా? నీకొక సంగతి చెప్పాలి. ఇది పవన్‌కి కూడా చెప్పలేదు.

నా పెళ్ళిలో మా మేనత్తకీ నాకూ మాటామాటా వచ్చింది, గుర్తుందా? నువ్వూ ఖాలా విడిదింట్లోనే ఉన్నారు. అప్పుడావిడ "కొనుక్కున్న పిల్లకి ఇంత నోరా" అంది. పెళ్ళి హడావిడిలో ఎవరూ పట్టించుకోలేదు. నేనూ తిట్టేమోననుకుని వదిలేశాను. ఇప్పుడు ఆ మాటే చెవిలో గింగిరాలు తిరుగుతోంది.

ఇంకొకటి. అమ్మ నన్ను ఒక్కసారి కూడా "నా కూతురు" అనలేదు. అతిశయోక్తి అనుకోకు. పటాన్‌చెరులో ఎవరైనా "మీ అమ్మాయా?" అని అడిగితే "కాదండీ, పాషా గారి పిల్ల" అని మీ నాన్న పేరు చెప్పేది. అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. మండపేట వచ్చాక పాషా గారెవరో ఇక్కడ ఎవరికీ తెలీదు కాబట్టి "కామేశ్వరరావు గారమ్మాయి" అనడం మొదలెట్టింది. నన్నూ అలాగే చెప్పమనేది. "ఎవరడిగినా నాన్న పేరు చెప్పు, చాలు" అనేది. ఒక్క పుట్టినరోజు చేయలేదు. పక్కింటి పిల్లలకి కొత్త గౌను కుట్టిస్తే నేను చూరు పట్టుకుని ఏడ్చేదాన్ని. అన్నం పెట్టింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, నేను లేదనను. కానీ నా పిల్ల అనే మాట ఆవిడ నోట రాలేదు. వస్తుందేమోనని హాస్పిటల్లో ఆఖరి వారం కూడా మంచం పక్కనే కూర్చున్నాను. చివరికి "శ్రావ్యకి పాలు ఇచ్చావా" అంది. దానికి పదహారేళ్ళే!

ఏడిదలో ఇద్దరు పోయారు. ఆ తర్వాత నేను ఎక్కడా పుట్టలేదు. పుట్టని దాన్ని ఎక్కడినుంచి తెచ్చారు? అమ్మ నన్ను కన్నదా లేదా? వంశవృక్షమూ వద్దు, ముత్తవ్వల పేర్లూ వద్దు, నాకు ఈ ఒక్కటి తెలిస్తే చాలు.

ఖాలాకి నేనే ఫోన్ చేద్దామని నంబరు నొక్కి, మోగకముందే పెట్టేశాను. "నువ్వు హైమ కన్న పిల్లవి కాదు" అని ఆవిడ నోటితో వింటే తట్టుకోలేను. నువ్వు అడుగు. అడిగి ఉత్తరంలో రాయి. ఏడుపేదో ఒక్కదాన్నే కూర్చుని ఏడుస్తాను.

హరి


పోతిరెడ్డిపల్లి,
8 ఏప్రిల్ 2025

హరిచందనకు,

నీ ఉత్తరం అందింది. ఈద్ మంచిగ అయింది. ఆఫీసుకు మళ్ళ పోయిన. కామేశ్వరరావు పేరు మీద ఏం లేదు. అమ్మీకి పాత సంగతులు ఇప్పుడు సరిగ యాదికి లేవు. ముసలితనం గదా. ఇంత కాలం గడిచింది, ఇప్పుడు తెలుసుకొని చేసేదేముంది? పవన్ బావ మంచోడు, బిడ్డ మంచిగ చదువుతున్నది. ఇగ ఈ ముచ్చట వదిలెయ్.

రుఖయ్యా


మండపేట,
15 ఏప్రిల్ 2025

రుఖయ్యా బేగం గారికి,

తమరి ఉత్తరంలో ఒక్క తిట్టు లేదు. ఒక్క ఎకసెక్కం లేదు. "పోస్టుమాస్టరమ్మా" లేదు. నన్ను పూర్తి పేరుతో పిలిచావు. నువ్వు అబద్ధమాడినప్పుడు ఇలాగే మర్యాదగా ఉంటావు, మూడో తరగతి నుంచీ చూస్తున్నాను.

ఖాలాకి జ్ఞాపకం లేదా? మొన్న ఈద్‌కి ఫోన్ చేస్తే, చిన్నప్పుడు పాషా చాచా సైకిల్ చక్రంలో నా ఏ కాలు పడిందో, దానికి ఏ ఆకు కట్టిందో చెప్పింది. తన్వీర్ బావ బస్సు నంబరు కూడా చెప్పగలదావిడ. నాకు కథలు చెప్పకు.

నీకేదో తెలిసింది. అది చెడ్డదే అయ్యుంటుంది, అందుకే దాచావు. నా మంచికే అని నువ్వనుకుంటున్నావు. అమ్మా అలాగే అనుకుని ఉంటుంది, చివరికి నన్నిలా పాత రిజిస్టర్ల మీద పడి ఏడ్చేలా చేసి వెళ్ళిపోయింది. నువ్వు కూడా అదే చేస్తే నేనింక ఎవరి దగ్గరికి పోనే?

ఏదైనా సరే రాయి. లేదంటే సెలవు పెట్టి వచ్చి నీ దుకాణం ముందు కూర్చుంటాను. నా నోరు నీకు తెలుసు.

హరి


పోతిరెడ్డిపల్లి,
2 మే 2025

హరీ, నా బంగారం,

కొట్టు, తిట్టు, నీ ఇష్టం. ముందుగాల ఇది చదువు. కూసొని చదువు, నీళ్ళ చెంబు పక్కకు పెట్టుకో.

రెండోసారి ఆఫీసుకు పోయిననాడే దొరికింది. నా పుట్టుక చూపియ్యమంటే మహేంద్ర మా అబ్బ పేరు మీద వెతికిండు. ఏప్రిల్ నెలల ఆడపిల్ల, తండ్రి చాంద్ పాషా, తల్లి అక్తరీ బేగం. అగో నేనే అనుకొని ఖుషీ అయిన. ఆయన ఆగలె. పేజీలు తిప్పుతనే ఉన్నడు. "మేడం, ఇంకొక చెల్లె ఉన్నదా మీకు?" అన్నడు. అక్టోబరు నెల, ఆడపిల్ల, తండ్రి చాంద్ పాషా, తల్లి అక్తరీ బేగం. ఇంటి నంబరు మాదే. ఎండాకాలంల నేను, దసరాకు ఇంకొకతి! ఆరు నెలలకొకసారి కనడానికి మా అమ్మీ మేకనా?

నవ్వుతున్న గని, ఆ దినం నాకు నవ్వు రాలె హరీ. నీ తేదీ నాకు ఎరికే. అది నువ్వేనని తెలిసింది. బస్సుల కూసొని వస్తుంటే బుర్రల ఒక్కటే తిరుగుతున్నది. మా అబ్బ ఎక్కడనో ఏదో చేసిండు, ఆ పిల్లను అమ్మీ తన పేరు మీద రాయించుకున్నది, పిల్లలు లేని హైమ ఆంటీకి ఇచ్చింది. గట్ల అనుకున్న. నువ్వు మా అబ్బ బిడ్డవైతే నాకు సొంత చెల్లెవైతవు, దాంట్ల నాకు నష్టమేం లేదు. గని మా అమ్మీ? అబ్బ పోయిన దినం గోడకు ఆనుకొని కూసున్నది యాదికొచ్చి, ఆమెను ఏమని అడుగుదునని భయమైంది. అందుకే నీకు గా సన్నాసి ఉత్తరం రాసిన. మాఫ్ చెయ్.

నీ కోపం ఉత్తరం వచ్చినాక మూడు దినాలు గింజుకున్న. నాలుగో దినం మాపటికి అమ్మీ చింతపండుల గింజలు తీస్తున్నది. పక్కన కూసొని నేను గూడ తీసుకుంట, ఏం తెల్వనట్టు అడిగిన.

"అమ్మీ, మన హరి ఎవరి పిల్ల?"

అమ్మీ తల ఎత్తలె. "నా పిల్లనే" అన్నది.

 "నీ పిల్ల ఎట్లయితది? ఏప్రిల్‌ల నన్ను కని, అక్టోబరుల దాన్నెట్ల కంటవ్?"

"కన్ననని ఎవరన్నరే? కొన్న."

"కొన్నవా? మరి... అబ్బకు... ఎక్కడన్న..." 

అమ్మీ గింజలు ఇడిసిపెట్టి నా దిక్కు చూసింది. "థూ నీ యవ్వ! మీ అబ్బ మీదనా అనుమానం? ఆ మనిషికి సైకిల్ ట్యూబుల పంచర్ తప్ప దునియాల ఇంకోటి కనబడుతుండెనా?" అని నవ్వింది సూడు, నవ్వి నవ్వి కండ్లల్ల నీళ్ళు తెచ్చుకున్నది. చింతపండు చేతితోటి తుడుచుకొని కండ్లు మండి, మళ్ళ నన్నే తిట్టింది.

జరిగింది ఇది. హైమ ఆంటీకి పుట్టింట్ల ఇద్దరు పిల్లలు పోయిండ్రు. మూడోసారి కడుపొచ్చినప్పుడు పుట్టింటికి పోనన్నది. వాళ్ళమ్మ వచ్చి ఏడ్చినా కదలలె. దసరా నాడు మీ వాటాల్నే, మా అమ్మీ చేతుల మీదనే నువ్వు పుట్టినవ్. మంత్రసాని వచ్చేవరకే బయటికొచ్చినవట, అప్పటినుంచే నీకు తొందర. విన్నవా హరీ? హైమ ఆంటీ కడుపుల నుంచే వచ్చినవ్. మా అమ్మీ తన కండ్లతోటి చూసింది, బొడ్డు కోసిన కత్తెర వేడినీళ్ళల్ల ఉడకపెట్టింది ఆమెనే.

మీ దిక్కు ఒక రివాజు ఉన్నదట. పుట్టిన పిల్లలు బతకకుంటే, తర్వాత పుట్టిన పిల్లను పిల్లలు మంచిగ బతుకుతున్న ఇంటోళ్ళకు తవుటికి అమ్మేస్తరట. అప్పుడు ఆ పిల్ల వాళ్ళ పిల్లనే, కన్నతల్లి ఊకె పెంచుతది అంతే. నాది అని బయట అనొద్దు. మా ఇంట్ల కాషిఫ్ అన్న, నేను రాళ్ళ లెక్క ఉంటిమి. ఆంటీ పురిటి స్నానమైనంక నిన్ను గోడ మీదికెల్లి ఇచ్చింది, అమ్మీ చాటెడు తవుడు పోసి తీసుకున్నది. నా పక్కన పండుకోబెట్టి పాలు గూడ ఇచ్చిందట.

ఆంటీకి అది చాలలె. "అన్నయ్యా, రాతలో కూడా మీ పిల్లే కావాలి" అని అబ్బను పట్టుకున్నది. "మా చిత్రగుప్తుడు రాతే చూస్తాడు. హైమావతి పేరు మీద పిల్లే లేదని ఉంటే వెనక్కి పోతాడు" అన్నది.

"మరి మా ఇంటికొస్తే ఎట్లమ్మా?" అన్నడట అబ్బ.

"మీ ఇంటి చిట్టా ఆయన దగ్గరుండదు కదన్నయ్యా!"

అబ్బ గంటసేపు నవ్వి, అట్లనే సైకిలెక్కి పోయి పంచాయతీల రాయించొచ్చిండు. మీ నాన్న ఇంజన్లు విప్పి బిగించే మనిషి, ఆయన గూడ కిక్కురుమనలె. ఇద్దరు పిల్లలను మట్టిల పెట్టినోడు ఏమంటడు?

ఇగ ఏడువు, ఏడ్చి ముక్కు తుడుచుకొని జల్దీ జవాబు రాయి.

నీ రుక్కూ


మండపేట,
12 మే 2025

నా రుక్కూ,

నీళ్ళ చెంబు కాదే, బిందె పెట్టుకోవాల్సింది. పోస్టాఫీసులోనే చదివాను. మా పోస్ట్‌మాన్ వెంకట సాయి హడలిపోయి "మేడం, ఎవరైనా పోయారా?" అన్నాడు. "లేదయ్యా, నేను పుట్టాను" అన్నాను. వాడు ఇప్పటికీ నన్ను వింతగా చూస్తున్నాడు.

చిత్రగుప్తుడిని బోల్తా కొట్టించిన మనిషి మా అమ్మ! ఉల్లిపాయలు బేరమాడాలంటేనే మొహమాటపడేదే. ఎక్కడినుంచొచ్చిందే అంత గుండె? పాషా గారి పిల్ల అన్నప్పుడల్లా నేను చిన్నబుచ్చుకునేదాన్ని, అదేమో నా ప్రాణానికి కాపలా పెట్టిన మాట. ఒక్కసారి చెప్పి ఉంటే ఏం పోయేదని కోపమూ వస్తోంది. వెంటనే జాలీ వేస్తోంది. రెండూ కలిసి వచ్చి రాత్రి పవన్‌ని నిద్రపోనివ్వలేదు.

ఇప్పుడు ఒక పని మిగిలింది. ఆ రికార్డు సరిచేయించాలి. పటాన్‌చెరు ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కున్నాను. నా పదో తరగతి సర్టిఫికెట్టు, నాన్న సర్వీసు కాగితాలు సరిపోతాయట. వాటితోపాటు ఖాలా "ఈ పిల్లకి నేను తల్లిని కాను" అని ప్రమాణపత్రం మీద సంతకం చేయాలి. కాగితం నేనే రాయించి ఇందులో పెడుతున్నాను. అమ్మ ఉండగా అమ్మ నోటితో ఎలాగూ వినలేదు. కనీసం సర్కారు కాగితం మీదైనా "తల్లి: హైమావతి" అని నా పేరు పక్కన చూసుకోవాలని ఉందే. ఆ ఒక్క మాట కోసం చిన్నప్పటినుంచీ మొహం వాచి ఉన్నాను.

ఖాలా కాళ్ళకి దండం పెట్టానని చెప్పు.

నీ హరి


పోతిరెడ్డిపల్లి,
30 మే 2025

హరీ,

అమ్మీ దస్తఖత్ చెయ్యనన్నది. నేను బతిలాడిన. తన్వీర్ చెప్పిండు. కాగితం చదివి వినిపిస్తే "నేను తల్లిని కాను" అన్నకాడికి రాంగనే చెవులు మూసుకొని లేచిపోయింది. రెండు దినాలు నాతోటి మాట్లాడలె. నిన్న నీ ఉత్తరాలన్ని, మార్చిల రాసింది గూడ, మొత్తం చదివి వినిపించిన.  తర్వాత "రాయి, నేను చెప్త" అన్నది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్న, నా సొంతం ఒక్క మాట లేదు.

"బిడ్డా హరీ, సలాం. గుస్సా చెయ్యకు. నేను గా కాగితం మీద వేలు పెట్ట. కొన్నోళ్ళు అమ్మినోళ్ళ చేతికే తిరిగియ్యాలె. నేను అడగలేదనుకోకు, మూడుసార్లు అడిగిన. మీ నాన్న నౌకరి ఇడిసిపెట్టి మీరు మీ దేశం పోయేటప్పుడు, లారీల సామాను ఎక్కిస్తుంటే, 'హైమా, పిల్ల గట్టిగైంది, ఇగ తీస్కో' అన్న. 'పెళ్ళయ్యేదాకా ఉండనీ' అన్నది. నీ పెండ్లికొచ్చి మళ్ళ అన్న. 'ఒక కాన్పు గడవనీ' అన్నది. నీకు బిడ్డ పుట్టినంక ఫోన్ల అన్న. 'ఎందుకు అక్తరీ, నీ దగ్గర చల్లగా ఉందిగా, ఉండనీ' అన్నది. ఇప్పుడు హైమ లేదు. నిన్ను ఎవరి చేతుల పెట్టాలె? సర్కారు చేతులనా? నా నోటితోటి నా బిడ్డ కాదని ఎట్లనాలె? అన్నంక నీకు తలనొప్పి వచ్చినా నేను బతుకుతనా?

"ఇంకోమాట. మీ అమ్మ నిన్ను నా కూతురు అనలేదని రాసినవట. అనలేదని ఎవరు చెప్పిండ్రు నీకు? రోజు అన్నది. నాకు చెప్పింది. పొద్దున మీ నాన్న షిఫ్టుకు పోంగనే మా వంటింట్లకు వస్తుండె. తలుపు దగ్గరికి వేస్తుండె. 'అక్తరీ, స్టవ్వు ముట్టించు' అంటుండె. గ్యాసునూనె స్టవ్వు, పంపు కొడితే గుయ్యిమని మస్తు చప్పుడు. ఆ చప్పుడుల ఎవనికి వినపడకుండ నా చెవుల చెప్తుండె. 'అక్తరీ, నా కూతురికి పన్నొచ్చింది.' 'అక్తరీ, నా కూతురు నిలబడిందే.' 'అక్తరీ, నా కూతురు క్లాసులో అందరికంటే ముందుందట.' నా కూతురు, నా కూతురు అని ఎన్నిసార్లంటుండెనో. చెప్పి నవ్వుతుండె, చెంగుతోటి మొఖం తుడుచుకుంటుండె. తర్వాత స్టవ్వు బంద్ చేయించి, తలుపు తీసి, బయటికి పోయి, 'ఏయ్ పాషా గారి పిల్లా, అన్నానికి రా' అని నిన్ను పిలుస్తుండె.

"చాయ్ పెట్టే పని లేకున్నా స్టవ్వు ముట్టించిన బిడ్డా నేను. గ్యాసునూనె అంతా ఏం చేస్తున్నవని మీ చాచా కొట్లాడేటోడు. చెప్పలె. ఆయనకు గూడ చెప్పలె. నీకే చెప్తున్న. ఇగ ఏడ్వకు, అన్నం తిను."

అమ్మీ మాట అయిపోయింది. నేను ఇంకేం రాయలేను.

రుక్కూ


మండపేట,
16 జూన్ 2025

రుక్కూ,

ఖాలాని సంతకం అడగొద్దు. ఆ ప్రమాణపత్రం చించి పారెయ్. ఆఫీసుకి కూడా చెప్పేశాను, అర్జీ పెట్టడం లేదని. మహేంద్ర "మేడం, తప్పు తప్పుగానే ఉండిపోతుంది మరి" అన్నాడు. ఉండనివ్వవయ్యా అన్నాను. మా అమ్మ కావాలని రాయించిన తప్పు, దిద్దడానికి నేనెవర్ని?

నాకు కావలసింది దొరికింది. పటాన్‌చెరులో ఉన్నన్నాళ్ళూ రోజూ అన్నదట. స్టవ్వు మోతలో అన్నదట! ఖాలా మాటలు ఎన్నిసార్లు చదివానో, కాగితం మడతల దగ్గర చిరిగింది. పన్నొచ్చిందంట, నిలబడ్డానంట. నేను పెరిగిందంతా మీ వంటింట్లోనే చెప్పుకుంది మా అమ్మ. చదివిన రోజు కడుపునిండా అన్నం తిని పడుకున్నాను. సంవత్సరీకం తర్వాత అంత హాయిగా నిద్రపోవడం అదే మొదలు.

వంశవృక్షం పూర్తి చేశాను. ముత్తవ్వ పేరు సీతాయమ్మ, నాన్న వైపు ముసలాయన ఒకరు చెప్పారు. అమ్మ కింద ముగ్గురు పిల్లల్ని రాశాను. పేరు లేని ఇద్దరికీ పుట్టిన సంవత్సరం రాసి పెట్టాను, వాళ్ళూ మా ఇంటి వాళ్ళే కదా. నా దగ్గరకొచ్చేసరికి రెండు గీతలు గీశాను. ఒకటి హైమావతి, కామేశ్వరరావు దంపతులకి. ఇంకోటి పక్కకి, అక్తరీ బేగం, చాంద్ పాషా దంపతులకి. "ఇదేంటమ్మా, ఇంత వంకరగా వెళ్ళింది?" అని శ్రావ్య అడిగింది. కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పాను. అది విని విని, "అయితే రుక్కూ పెద్దమ్మ నాకు నిజం పెద్దమ్మే అన్నమాట" అంది. అవునే అన్నాను. వచ్చే నెల సెలవులు పెట్టాను, ముగ్గురం వస్తున్నాం. ఖాలాకి మావైపు పూతరేకులు ఇష్టమేనా, పంటికి ఇబ్బందేమీ ఉండదులే.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఇది ఖాలాకి చదివి వినిపించు.

మొన్న కౌంటరు దగ్గరికి ఒక పెద్దావిడ వచ్చింది. రిజిస్టరు పోస్టు చేయించుకుంటూ నన్నే ఎగాదిగా చూసి "ఎవరమ్మాయివమ్మా నువ్వు?" అంది. అలవాటుగా నాన్న పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను. "హైమావతి కూతుర్నండీ" అన్నాను. గట్టిగానే అన్నాను, వెనకాల వరసలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా. అన్నాక ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. నవ్వకు, నిజంగానే భయమేసింది. ఇన్నేళ్ళూ అమ్మ ఎవరి చెవిన పడకుండా దాచిన మాట అది.

ఏమీ కాలేదు రుక్కూ. ఆవిడ "ఓహో, హైమావతి కూతురివా" అని రసీదు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

హరి